సామూహిక భయోన్మాదము : భయపడేవారు, బాగుపడేవారు

ఇంతవరకు నేను రక్తపుపోటు, మధుమేహము, పక్షవాతము వంటి వ్యాధులను గురించి వ్రాస్తూ వచ్చాను. అవి ఒక్కొక్క మనిషికి విడివిడిగా వచ్చే వ్యాధులు. ఈసారి ఊరంతటికీ ఒక్కసారిగా సోకే ఒక వ్యాధిని గురించి వ్రాస్తున్నాను. దీనిని పట్టి ఇచ్చే రక్తపరీక్ష లేదు. దీనికి సూక్ష్మజీవి కారణము కాదు. అయినా ఇది అంటువ్యాధే. నోటి మాట ద్వారా, నేడు చేతిలోని ఫోను ద్వారా వ్యాపిస్తుంది. దీని వలన నష్టపోయేవారు చాలామంది ఉంటారు. బాగుపడేవారు కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమందిని గురించే ఈ వ్యాసము.

1979వ సంవత్సరము జూలై మాసములో నేను కాకినాడలో వైద్యము చదువుకుంటున్నాను. అమెరికావారు అంతరిక్షములోకి పంపిన స్కైలాబ్ అదుపు తప్పి భూమిపై పడబోతున్నదని రేడియోలోను, పత్రికలలోను వార్తలు వచ్చాయి. ఎక్కడ పడుతుందో ముందుగా ఖచ్చితముగా చెప్పలేమని శాస్త్రజ్ఞులు అన్నారు. ఆ 'చెప్పలేము' అనే మాట గోదావరి దాటి పల్లెలకు చేరేసరికి 'మన మీదనే పడుతుంది' అయింది. నేను ఇంటికి వచ్చినపుడు చూశాను. ఎలాగూ పోతాము గనుక తిని పోదామని పెంచుకున్న కోళ్ళను కోసుకున్నవారు ఉన్నారు. మేకలను వచ్చిన ధరకు తెగనమ్ముకున్నవారు ఉన్నారు. ఆ మేకలను కొన్నవారు కూడా ఉన్నారు.

జూలై 11వ తేదీన స్కైలాబ్ శకలములు హిందూమహాసముద్రములోను, ఆస్ట్రేలియా పశ్చిమభాగములోను పడ్డాయి. వాటి వలన మనుషులెవరూ మరణించలేదు. మరునాడు మా ఊరిలో మేకలు లేనివారు, మేకలు రెట్టింపైనవారు మిగిలారు. కొన్నవాడు ఆ వదంతిని పుట్టించలేదు. పుట్టిన వదంతిని ఆపలేదు, అంతే. లోకము ముగిసిపోతుందని అతడు నిజముగా నమ్మి ఉంటే మేకలను ఎందుకు కొంటాడు? ఈ ప్రశ్న నాకు ఆనాడు తోచలేదు. నలభై ఏళ్ళ వైద్యవృత్తి తరువాత, ఎక్కడ జనము గుంపుగా భయపడుట చూసినా నాకు మొదట ఈ ప్రశ్నే తోస్తుంది. ఇక్కడ కొంటున్నవారు ఎవరు?

సామూహిక భయోన్మాదము అంటే ఏమిటి?

వైద్యశాస్త్రములో 'హిస్టీరియా' అనే మాట వాడుక తగ్గిపోయింది. గ్రీకుభాషలో గర్భాశయమునకు ఉన్న పేరు నుంచి ఆ మాట పుట్టింది. స్త్రీల గర్భాశయము శరీరములో అటూ ఇటూ సంచరించుట వలన ఈ జబ్బు వస్తుందని ప్రాచీనులు నమ్మేవారు. ఆ నమ్మకము తప్పు. ఆ పేరులో స్త్రీల యెడల చిన్నచూపు కూడా ఉన్నది. అందుచేత నేటి వైద్యులు, గుంపుగా వచ్చే ఇటువంటి లక్షణములను సామూహిక మనోజనిత వ్యాధి అంటున్నారు.

ఇందులో నటన లేదు. ఈ విషయమును పాఠకులు బాగా గుర్తుంచుకోవాలి. భయము కలిగినపుడు మూత్రపిండముల పైన ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తములోకి విడుదల చేస్తాయి. గుండె వేగము, శ్వాస వేగము పెరుగుతాయి. శ్వాస వేగముగా తీసి వదులుట వలన రక్తములో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. అది తగ్గినపుడు మెదడులోని రక్తనాళములు కొంత ముడుచుకుంటాయి. తల తిరుగుతుంది. పెదవుల చుట్టూ, వేళ్ళ చివరల తిమ్మిరులు కలుగుతాయి. చేతులు కొంకర్లు పోవచ్చును. స్పృహ తప్పినట్లు అవవచ్చును. రోగి బాధ నిజమైనది. బాధకు రోగి ఊహించుకున్న కారణము మాత్రమే నిజము కాదు. ఒకరిని చూసి మరొకరు భయపడుట వలన అవే లక్షణములు గదినుంచి గదికి, వీధినుంచి వీధికి పాకుతాయి.

1962వ సంవత్సరములో ఆఫ్రికాలోని నేటి టాంజానియాలో, కషాషా అనే ఊరిలోని బాలికల పాఠశాలలో కొందరు విద్యార్థినులకు ఆపుకోలేని నవ్వు, ఏడుపు మొదలయ్యాయి. పాఠశాలను మూసి, పిల్లలను ఇళ్ళకు పంపారు. పిల్లలతో పాటు ఆ జబ్బు కూడా వారి ఊళ్ళకు వెళ్ళింది. 1518లో స్ట్రాస్‌బర్గు నగరములో జనము రోజుల తరబడి ఆగకుండా నాట్యము చేశారు. వారిని తనివితీరా ఆడనిస్తే తగ్గుతుందని నగర పాలకులు వేదిక కట్టించి, వాయిద్యకారులను కూడా నియమించారు. ఆట మరింత పెరిగింది. పాలకుల ప్రవర్తన వలన ఇటువంటి వ్యాధులు తగ్గవచ్చును, పెరగవచ్చును కూడా. ఐదు వందల ఏళ్ళ క్రిందటి ఈ పాఠము నేటికీ పాతబడలేదు.

నేను చూసిన ఒక సంఘటన

ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో, ఒక సాయంకాలము, నన్ను ఒక బాలికల వసతిగృహమునకు పిలిపించారు. భోజనము చేసిన తరువాత ఒక పిల్లకు కడుపునొప్పి వచ్చి పడిపోయింది. గంటలో ముప్పైమందికి పైగా పడిపోయారు. నేను వెళ్ళేసరికి వరండా అంతా పిల్లలు, వారి చుట్టూ గాభరాపడుతున్న పెద్దలు. నాడి, రక్తపుపోటు, కనుపాపలు చూశాను. విషాహార లక్షణములు లేవు. ఒక్కరికి కూడా విరేచనములు లేవు. అదే అన్నము తిన్న వంటమనిషి, ఆమె కూతురు కులాసాగా ఉన్నారు. అయినా అన్నమును, నీటిని పరీక్షకు పంపించాను. మొదట పడిపోయిన పిల్లను వేరే గదిలో పడుకోబెట్టి, మిగిలినవారి చుట్టూ మూగిన జనమును బయటకు పంపి, ఒక్కొక్కరి దగ్గర కూర్చుని నిదానముగా ఊపిరి తీయించాము. అర్ధరాత్రికి అందరూ నిద్రపోయారు.

తెల్లవారిన తరువాత ఊరి పెద్దమనిషి ఒకాయన మైకు కట్టిన ఆటోతో వచ్చాడు. పిల్లల అన్నములో విషము కలిపారని చెప్పాడు. ఆ వంటమనిషి దళిత స్త్రీ. ఆమె ఆ పనిలో చేరి అప్పటికి నెల కాలేదు. 'ఎవరు పడితే వారు వండితే ఇలాగే ఉంటుంది' అని ఆయన మైకులో అన్నాడు. అరగంటలో పిల్లలు మళ్ళీ పడిపోయారు. రెండు రోజులలో ఆమెను పనినుంచి తీసివేశారు. వారము తరువాత పరీక్షల ఫలితములు వచ్చాయి. అన్నములోను, నీటిలోను ఏ విషమూ లేదు. ఆమె స్థానములో ఆ పెద్దమనిషి చెప్పిన మనిషి చేరింది.

నేను నా నివేదికలో నిజమే వ్రాశాను. విషము లేదని, భయము వలన వచ్చిన లక్షణములని, వంటమనిషి దోషము లేదని వ్రాశాను. ఆ కాగితము కార్యాలయములో ఒక దస్త్రములోకి చేరింది. కాని ఆ ఉదయము మైకు ఎదుట నిలబడి, ఊరి వారందరూ వినేటట్లు ఆ మాట చెప్పవలసినది. చెప్పలేదు. నేను కొత్తవాడిని, ఊరు వారిది అనుకున్నాను. ఆమె బిడ్డను వెంటబెట్టుకుని ఆ గేటు దాటి వెళ్ళుట నేను చూశాను. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మౌనము కూడా ఒక కారణము.

భయమును ఎలా వాడుకుంటారు?

రోగలక్షణములను వరుసగా వ్రాసుకొనుట వైద్యులకు అలవాటు. భయమును పెట్టుబడిగా పెట్టి అధికారమును సంపాదించే చోట్ల కూడా నాకు ఐదు లక్షణములు కనిపించాయి.

మొదటిది, ముందే ఉన్న నిజమైన బాధ. ఉత్తి గాలిలో భయము పుట్టదు. పంట పోయినపుడు, కొలువులు దొరకనపుడు, కారణము తెలియని జబ్బు ఊరిలో తిరుగుతున్నపుడు మనిషి మనస్సు ఎండిన తాటాకు వలె ఉంటుంది. నిప్పురవ్వ చాలు.

రెండవది, ఆ బాధకు ఒక మనిషి ముఖమును తగిలించుట. తెలంగాణా పల్లెలలో బాణామతి నెపముతో ఏమి జరిగిందో చాలామందికి తెలుసు. జ్వరము వచ్చినా, పశువు చచ్చినా ఎవరో ఒకరు చేతబడి చేశారన్నారు. మంత్రము పలుకకుండా చేయాలని అనుమానితుల పళ్ళు రాలగొట్టారు. సజీవముగా దహనము చేశారు. ఆ విధముగా బలైనవారిలో ఒంటరి వృద్ధులు, అండలేని స్త్రీలు, పేదలు ఎందరో ఉన్నారు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోనులలో సందేశములు వ్యాపించినపుడు తెలుగు రాష్ట్రములలో భిక్షకులను, మతిస్థిమితము లేనివారిని, భాష రాని బాటసారులను కొట్టారు. కొందరు చనిపోయారు. ఆ జూలైలో, కర్ణాటకలోని బీదరు జిల్లాలో, దారిన పోతూ పిల్లలకు చాక్లెట్లు పంచినందుకు హైదరాబాదు వాసియైన ఒక యువ ఇంజినీరును జనము కొట్టి చంపారు.

మూడవది, ఆలోచించుటకు వ్యవధి లేకుండా చేయుట. 'ఈ రాత్రికే', 'ఇప్పుడే', 'వెంటనే పదిమందికి పంపండి' అనే మాటలు ఇందులో ముఖ్యమైనవి. 1933 ఫిబ్రవరి 27వ తేదీ రాత్రి జర్మనీ పార్లమెంటు భవనము తగలబడింది. మరునాడే, దేశమునకు ముప్పు వచ్చిందని చెప్పి, పౌరుల హక్కులను నిలిపివేసే ఉత్తర్వును హిట్లరు ప్రభుత్వము తెప్పించుకున్నది. ఒక్క రోజు! అగ్నిప్రమాదముపై సరియైన విచారణ జరుగుటకు కూడా ఆ వ్యవధి చాలదు. ఆ ఉత్తర్వు నాజీల పాలన అంతమయ్యే వరకు అమలులో ఉన్నది.

నాల్గవది, సందేహించేవాడిని ద్రోహిని చేయుట. 1692లో అమెరికాలోని సేలం ప్రాంతములో కొందరు బాలికలకు వింతమూర్ఛలు వచ్చాయి. వైద్యునికి కారణము తోచక మంత్రప్రభావము అన్నారు. నూటయాభైమందికి పైగా నిందితులయ్యారు. పందొమ్మిదిమందిని ఉరితీశారు. ఆ విచారణలను శంకించినవారే తరువాత నిందితులైన సందర్భములు ఉన్నాయి. నేరము ఒప్పుకున్నవారు బ్రతికారు. ఒప్పుకోనివారు ఉరికంబము ఎక్కారు. నిజము చెప్పుటకు అంత వెల ఉన్న చోట అబద్ధము సులభముగా పెరుగుతుంది.

ఐదవది, రక్షకుడు ప్రత్యక్షమగుట. భయము పరాకాష్ఠకు చేరిన తరువాత 'నేనున్నాను' అని ఒకరు వస్తారు. వారి చేతిలో మందు ఉండవచ్చును, మైకు ఉండవచ్చును, కర్ర ఉండవచ్చును. ఆ క్షణములో జనము వారికి అప్పగించిన అధికారము, భయము తగ్గిన తరువాత కూడా వారి దగ్గరే ఉండిపోతుంది.

ఆశ కూడా భయము వలెనే ప్రవర్తిస్తుంది. 2021 మే మాసములో, కరోనా రెండవ ఉధృతిలో, నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో ఇస్తున్న నాటుమందు కొరకు వేలమంది ఒకే చోట గుమికూడారు. మందు ఇచ్చినవారి ఉద్దేశమును నేను శంకించుట లేదు. వారు దానిని ఉచితముగానే ఇచ్చారు. కాని ప్రాణవాయువు సిలిండర్లు, ఆసుపత్రులలో పడకలు దొరకని ఆ రోజులలో, శ్వాస ద్వారా వ్యాపించే వ్యాధితో ఉన్నవారు, లేనివారు ఒకరినొకరు త్రోసుకొనుట చూసి వైద్యునిగా భయపడ్డాను. పడకలు ఎందుకు లేవనే ప్రశ్న ఆ కోలాహలములో వెనుకబడిపోయింది. మందు ఎవరు పంచాలనే విషయముపై రాజకీయ పక్షములు పరస్పరము ఆరోపణలు చేసుకున్నాయి.

మన కోనసీమలో

ఇక మన ఇంటి సంగతి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు మార్చుటకు ప్రభుత్వము ప్రాథమిక ప్రకటన ఇచ్చి, అభ్యంతరములు తెలుపుటకు ముప్పై రోజులు గడువు పెట్టింది. ఆరు రోజులు గడిచేసరికి, మే 24న, అమలాపురములో నిప్పు అంటుకున్నది. మంత్రి పినిపే విశ్వరూప్, శాసనసభ్యుడు పొన్నాడ సతీష్‌ల ఇళ్ళను తగలబెట్టారు. బస్సులు కాలిపోయాయి. ఇరవైమందికి పైగా పోలీసులు గాయపడ్డారు. జిల్లాలో అంతర్జాలమును రోజుల తరబడి ఆపివేశారు. జూన్ 24న రాష్ట్ర మంత్రివర్గము ఆ పేరునే ఆమోదించింది.

శాస్త్రము ప్రకారము ఇది సామూహిక మనోజనిత వ్యాధి కాదు. రాయి విసిరినవాడికి తాను రాయి విసురుతున్నట్లు తెలుసు. కాని దానికి ముందు ఐదారు రోజులు ఫోనులలో జరిగినది ఆ వ్యాధికి దగ్గర బంధువే. పైన చెప్పిన ఐదు లక్షణములను మీరే సరిచూసుకోండి. పని దొరకని యువకుల అసంతృప్తి ముందే ఉన్నది. కులముల మధ్య పాత అనుమానములు ముందే ఉన్నాయి. ముప్పై రోజుల గడువు కాగితము మీద ఉండగా, ఈ రోజే తేలిపోవాలనే తొందర పుట్టింది. మనకు రాజ్యాంగమును వ్రాసి ఇచ్చిన ఒక మహనీయుని పేరు వలన తమకు ఏదో పోతుందని యువకులు నమ్మారు. ఏమి పోతుందని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ తరువాత ప్రతి రాజకీయ పక్షము ఎదుటి పక్షమే ఇది చేయించిందని చెప్పింది. ఏ పక్షము ఎంత చేసిందో తేల్చుట నా పని కాదు. నేను చెప్పగలిగినది ఒక్కటే. ఆ మంటల వలన నాయకులెవరూ ఉపాధి పోగొట్టుకోలేదు.

ఆ జూన్ మాసములో ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. నేను ఆమెకు కాన్పు చేసినవాడిని. అప్పుడు పుట్టిన కొడుకు పేరు కేసులో ఉన్నది. కువైటు వెళ్ళుటకు పాస్‌పోర్టు, వీసా ప్రయత్నములలో ఉన్నవాడు.

"బాబుగారండీ, ఆ వేళ మావాడు జ్వరంతో మీ దగ్గరే ఉన్నాడని ఒక్క కాగితం రాసివ్వండి. వాడేమీ చెయ్యలేదండి. ఫోన్లో వచ్చిందని అందరూ వెళితే వాడూ వెళ్ళాడండి" అని నా కాళ్ళ దగ్గర కూర్చున్నది.

"ఆ రోజు వాడు నా దగ్గర లేడు కదమ్మా. లేని జ్వరమును నేను వ్రాయలేను" అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. నేను మంచి పని చేశానని ఆ రోజు నాకు సంతోషము కలుగలేదు. నేటికీ లేదు. కాని అబద్ధము వలన పుట్టిన మంటను మరొక అబద్ధముతో ఆర్పలేము. కొన్ని నెలల తరువాత ఆ అబ్బాయి జొన్నాడ దగ్గర కనిపించాడు. "ఆ సందేశము ఎవరు పంపారురా?" అని అడిగాను. "తెలీదండి, ఫార్వర్డండి" అన్నాడు. ఎవరు పంపారో తెలియని ఒక సందేశము వలన అతని కువైటు ప్రయాణము ఆగిపోయింది. పంపినవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు.

మనుషులను క్రిములుగా చూపుట

వైద్యునిగా నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయము ఒకటి ఉన్నది. భయమును రెచ్చగొట్టేవారు తరచు మా వృత్తిలోని మాటలనే దొంగిలిస్తారు. యూదులు పేలు, సూక్ష్మజీవులు అని నాజీలు ప్రచారము చేశారు. 1994లో ర్వాండాలో ఒక రేడియో కేంద్రము తుట్సీ జాతివారిని బొద్దింకలని పిలిచింది. సుమారు నూరు రోజులలో, ఎనిమిది లక్షల మంది వరకు హతులయ్యారు. చంపినవారిలో ఇరుగుపొరుగువారు ఎందరో ఉన్నారు. జర్మనీలో వైద్యులు కూడా ఆ పాపములో పాలుపంచుకున్నారు. యుద్ధము తరువాత న్యూరెంబర్గులో వైద్యులపై ప్రత్యేకముగా విచారణ జరిగింది. మన దగ్గర ఎవరైనా ఒక కులమును గాని, మతమును గాని, ప్రాంతమువారిని గాని రోగమని, పుండని, పురుగులని అంటే, వారు చెప్పేది వైద్యము కాదని మీరు వెంటనే గ్రహించాలి. రోగము మనిషికి వస్తుంది. మనిషి రోగము కాడు.

భయమంతా ఉన్మాదము కాదు

ఇంతవరకు చదివి, జనము భయపడితే అది ఉన్మాదమేనని మీరు అనుకోకూడదు. అది రెండవ ప్రమాదము. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురుబావి ప్రేలి అరవైఅయిదు రోజులు మండింది. ఆనాడు ఊళ్ళు విడిచి వెళ్ళినవారి భయము న్యాయమైనది, ఆరోగ్యకరమైనది. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛలతో, స్పృహ తప్పి ఆసుపత్రులలో చేరారు. ఒకరు మరణించారు. మొదట కొందరు ఇది సామూహిక భయోన్మాదమేమో అనుకున్నారు. పరీక్షలు చేయగా రోగుల రక్తములో సీసము, నికెలు కనిపించాయి. తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషములను కూడా కారణముగా చూపారు. పరీక్షలు చేయకుండా 'మీ భ్రమ' అని ఇళ్ళకు పంపి ఉంటే ఏమయ్యేది?

అందుచేత భయమును పుట్టించుట ఎంత అధికారమో, నిజమైన భయమును ఉన్మాదమని కొట్టిపారవేయుట కూడా అంతే అధికారము. ఫ్యాక్టరీ వాసనకు పిల్లలు దగ్గుతుంటే భ్రమ అనేవారు, కలుషితమైన నీటిని గురించి అడిగితే వదంతి అనేవారు కూడా జనమును లొంగదీసుకునేవారే. శరీరమును పరీక్షించి, అన్నమును, నీటిని, గాలిని పరీక్షించి, ఏ కారణము కనిపించనపుడు మాత్రమే వైద్యుడు మనస్సు వంక చూడాలి. ఈ రెండింటికీ తేడా తెలుసుకొనుటకు ఒక చిన్న ఉపాయము ఉన్నది. న్యాయమైన భయము పరీక్షను కోరుతుంది. ఉన్మాదము పరీక్షను సహించదు.

చికిత్స, నివారణ

పాఠశాలలోనో, వసతిగృహములోనో పిల్లలు గుంపుగా పడిపోతే మొదట వైద్యుని పిలవండి. తిన్న పదార్థములను, నీటిని పారవేయకుండా పరీక్షకు దాచి ఉంచండి. లక్షణములు ఉన్నవారిని లేనివారికి కనబడకుండా వేరుచేయండి. జనమును, కెమెరాలను లోపలికి రానీయకండి. నిదానముగా ఊపిరి తీసి వదలమని చెప్పండి. నటిస్తున్నారని పిల్లలను కసురుకోకండి. పరీక్షాఫలితములు రాకముందు ఎవరినీ నిందించకండి. ఫలితములు వచ్చిన తరువాత వాటిని అందరికీ వినబడేటట్లు చెప్పండి.

ఫోనులో భయము కలిగించే సందేశము వచ్చినపుడు ఒక రాత్రి నిద్రపోయి, తెల్లవారిన తరువాత పంపాలో మానాలో నిర్ణయించుకోండి. నిజము మరునాటికి కూడా నిజముగానే ఉంటుంది. తుపాను హెచ్చరికలకు, వరద హెచ్చరికలకు మాత్రము ఆగకూడదు. వాటిని వాతావరణశాఖ, రెవెన్యూ అధికారులు చెబుతారు. అవి ఏ కులమును గురించి చెప్పవు, ఎవరినీ కొట్టమనవు. మిగిలిన సందేశములకు నాలుగు ప్రశ్నలు వేయండి. చెప్పినవాడు ఎవరు? తాను చూశాడా, విన్నాడా? ఒక రోజు ఆగితే నాకు ఏమి పోతుంది? నేను నమ్మితే ఎవరికి లాభము?

2018లో తెలంగాణాలోని జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు గ్రామగ్రామమునకు వెళ్ళి, డప్పులతో, పాటలతో పిల్లల దొంగల వదంతి అబద్ధమని చెప్పారు. ఫోనులో వచ్చిన భయమును మనిషి ఎదురుగా వచ్చి, తెలిసిన గొంతుతో ఆపవచ్చునని ఆ ప్రయత్నము తెలియజేస్తుంది. మన ఊళ్ళలో కూడా అటువంటి గొంతులు ఉన్నాయి. బడిపంతులు, నర్సమ్మ, ఆశా కార్యకర్త, గుడి పూజారి, చర్చి పాస్టరు, మసీదు ఇమాము, పదిమందికి మంచి చెప్పే పెద్దమ్మలు ఉన్నారు. వారు మొదటి గంటలోనే మాట్లాడాలి. మైకు వచ్చిన తరువాత మాట్లాడుట కష్టము. ఆ కష్టము ఎంతటిదో నాకు తెలుసు.

మీ ఇంటిలో పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు ఉంటే ఈ రోజు భోజనాల వేళ వారిని కూర్చోబెట్టుకుని, జ్వరము వస్తే ఏమి చేయాలో చెప్పినట్లే ఈ విషయము కూడా చెప్పండి. నలుగురూ పరుగెత్తుతున్నపుడు ఆగి ఎందుకని అడుగుట పిరికితనము కాదని చెప్పండి. ఆ తల్లి అడిగిన కాగితమును వ్రాయవలసిన అవసరము మరొక వైద్యునికి, అడగవలసిన అవసరము మరొక తల్లికి రాకూడదని కోరుకుంటున్నాను.